ఎనిమిదో నెల

మా ఇంట్లో నాకన్నా ముందు ఇద్దరు పుట్టారు. ఒకరు అక్క. అక్కకన్నా ముందు ఒక అన్న. ‘అన్న’ అని రాస్తుంటే నాకే కొత్తగా ఉంది, ఆ మాట మా ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు. ‘ఆ మొదటివాడు’ అనేవాళ్ళు, అంతే. 1979లో, రేపల్లె దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో పుట్టాడు. ఒకటిన్నర రోజు ఉన్నాడు. పుట్టగానే ఏడ్చాడట. సాయంత్రానికి డొక్కలు లోపలికి పోతూ, ఊపిరి వదిలినప్పుడల్లా పిల్లికూనలా మూలగడం మొదలుపెట్టాడట. ఆ మూలుగు గురించి అమ్మ నాకు ఒక్కసారే చెప్పింది.

నానమ్మకి మాత్రం కారణం తెలుసు. “ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు.” ఆ మాట మా ఇంట్లో ముప్పై ఏళ్ళు తిరిగింది. నీళ్ళబిందె ఎందుకెత్తింది, గ్రహణం రోజు కదలకుండా పడుకుందా లేదా, ఇలా దానికి తోకలు కూడా ఉండేవి. ఎనిమిదో నెల్లో కనడం అమ్మ చేసిన పనే అన్నట్టు.

2016లో అక్కకి ముప్పై ఒకటో వారం దాటగానే నొప్పులొచ్చాయి. హైదరాబాద్‌లో ఆస్పత్రి వరండాలో కూర్చుని అమ్మ వేళ్ళమీద లెక్కపెట్టి, “ఎనిమిది పడింది” అంది. ఇంకేం అనలేదు. పాప పుట్టిన గంటకి డాక్టరు బయటికొచ్చి, బిడ్డ ఊపిరితిత్తుల్లో సర్ఫాక్టెంట్ సరిపోవడం లేదు, కింద మందుల షాపులో చెప్పాం, తెప్పించండి అన్నాడు. బావ తెచ్చిన సీసా నా బొటనవేలంత ఉంది. బిల్లు మాత్రం బావ రెండుసార్లు చదువుకున్నాడు. లోపల చిక్కటి తెల్లటి ద్రవం. “ఏంటవి, పాలా?” అంది అమ్మ. ఆవు ఊపిరితిత్తుల నుంచి తీస్తారని డాక్టరు చెప్పాడు. మామూలు రోజుల్లో అయితే మా ఇంట్లో ఆ మాటకి ఒక పూట చర్చ నడిచేది. ఆ రోజు ఎవరూ నోరు మెదపలేదు. సన్నటి గొట్టంతో ఆ పాలు పాప ఊపిరితిత్తుల్లోకి పంపారు. సాయంత్రానికి డొక్కలు ఎగరడం తగ్గింది.

రెండు వారాల తర్వాత, పాపని ఇంకా బాక్సులోనే ఉంచినప్పుడు, అమ్మ అడిగింది: “ఏమే, ఈ మందు ఎప్పట్నుంచి ఉంది?”

ఫోన్‌లో వెతికి ‘1990’ అని చెప్పేశాను. అమ్మ తలూపింది. అది సరైన జవాబు కాదని తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది. మందు ఎప్పుడొచ్చిందన్నది ఒక ప్రశ్న, సంగతి ఎప్పుడు తెలిసిందన్నది ఇంకో ప్రశ్న. రెంటికీ మధ్య అరవై ఏళ్ళున్నాయి.

ముందు కుంకుడుకాయల దగ్గర మొదలుపెట్టాలి. నీటి పైభాగంలోని అణువులు ఒకదాన్నొకటి గట్టిగా లాక్కుంటూ ఉంటాయి. దీన్నే స్కూల్లో తలతన్యత అని చదువుకున్నాం. ఆ లాగుడు వల్లే వట్టి నీళ్ళు నురగ కట్టవు, బుడగ లేచినా వెంటనే చితికిపోతుంది. కుంకుడు రసంలో ఉండే సపోనిన్లు ఆ పైపొరలో చేరి లాగుడుని సడలిస్తాయి, నురగ నిలబడుతుంది. సర్ఫాక్టెంట్ అంటే ఇలా తలతన్యతని తగ్గించే పదార్థం. మన ఊపిరితిత్తుల్లో దాదాపు 48 కోట్ల వాయుగోణులు, అంటే ఆవగింజకన్నా చిన్న గాలి సంచులు ఉంటాయి. అన్నీ పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, ఒక చిన్న ఫ్లాటంత. వాటన్నిటి లోపలా పల్చటి తడి ఉంటుంది. తడి ఉందంటే లాగుడు ఉంది. ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ లాగుడు సంచుల్ని లోపలికి ముడుస్తుంది. చిన్నబుడగలో ఒత్తిడి ఎక్కువని లాప్లాస్ సూత్రం చెబుతుంది కాబట్టి, ముడుచుకునేకొద్దీ అవి ఇంకా తొందరగా మూసుకుపోవాలి. మరి మనమంతా ఎలా బతికున్నాం?

ఈ ప్రశ్నని సూటిగా పట్టుకున్నవాడు కుర్ట్ ఫాన్ నీర్‌గార్డ్. స్విట్జర్లండ్‌లో పనిచేసిన వైద్యుడు. 1929లో పంది ఊపిరితిత్తుల్ని ఒకసారి గాలితో, ఒకసారి ద్రవంతో నింపి చూశాడు. ద్రవంతో నింపడానికి చాలా తక్కువ ఒత్తిడి సరిపోయింది. లోపల అంతా ద్రవమే అయితే గాలికీ తడికీ మధ్య సరిహద్దు ఉండదు, తలతన్యతా ఉండదు. అంటే ఊపిరితిత్తులు ముడుచుకునే బలంలో ఎక్కువ భాగం కండరాలదో సాగే పోగులదో కాదు, ఆ తడిపొరది. అప్పుడే పుట్టిన బిడ్డ మొదటి ఊపిరికి దీనితో సంబంధం ఉండొచ్చని కూడా ఆయన రాశాడు. జర్మన్ భాషలో అచ్చయిన ఆ వ్యాసాన్ని పాతికేళ్ళపాటు దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. 1947లో న్యూయార్క్‌లో పీటర్ గ్రూన్‌వాల్డ్ చనిపోయి పుట్టిన శిశువుల ఊపిరితిత్తులతో దాదాపు ఇదే ప్రయోగం చేసి ఇదే తేల్చాడు. తలతన్యతని తగ్గించే పదార్థాన్ని బిడ్డ పీల్చే గాలిలో కలిపితే మేలని కూడా అన్నాడు. దాన్నీ పట్టించుకోలేదు. అమ్మకి అప్పటికి పుట్టుకే లేదు.

తర్వాతి అడుగు ప్రసూతి ఆస్పత్రిలో పడలేదు, విషవాయువుల ప్రయోగశాలలో పడింది. ఫాస్జీన్ లాంటి యుద్ధవాయువులు పీలిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరి, నోటివెంట నురగ వస్తుంది. ఆ నురగని ఎలా అణచాలో చూడమని ఇంగ్లండ్‌లోని పోర్టన్ డౌన్‌లో రిచర్డ్ ప్యాటిల్‌కి పని అప్పగించారు. మామూలు నురగని ఇట్టే చంపే సిలికోన్ మందులు దీనిమీద పనిచేయలేదు. ఆయన ఆ నురగలోని సూక్ష్మమైన బుడగల్ని విడిగా తీసి గమనించాడు. అంత చిన్న గాలిబుడగ నీళ్ళలో క్షణాల్లో కరిగిపోవాలి. ఇవి గంట గడిచినా అలాగే ఉన్నాయి. అంటే వాటి గోడలో లాగుడు దాదాపు సున్నా. 1955లో ‘నేచర్’ పత్రికలో రాశాడు. జీవితం నీటిబుడగ అని మనం అనుకునేటప్పుడు ఇలాంటి బుడగ ఒకటుందని మనకి తెలియదు.

అట్లాంటిక్‌కి అవతల, మేరీలాండ్‌లోని ఎడ్జ్‌వుడ్‌లో, అమెరికా సైన్యం రసాయన కేంద్రంలో జాన్ క్లెమెంట్స్ ఇంకో దారిలో ఇక్కడికే వచ్చాడు. ఊపిరితిత్తుల నుంచి తీసిన రసాన్ని తొట్టిలో పోసి, దాని పైపొరని ఒకసారి సాగదీస్తూ ఒకసారి కుదిస్తూ కొలిచాడు. సబ్బునీళ్ళయితే తగ్గించేది ఎంతో అంత తగ్గించి ఊరుకుంటాయి. ఈ పొర అలా కాదు. సాగదీస్తే లాగుడు పెరిగింది, కుదిస్తే బాగా పడిపోయింది. ఊపిరి వదిలి సంచి చిన్నదవుతున్నప్పుడే ఎక్కువ సాయం కావాలి. సరిగ్గా అప్పుడే ఇది ఎక్కువ సాయం చేస్తోంది. 1957లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

ఆ ఏడాది చివర్లో మేరీ ఎలెన్ ఎవరీ అనే యువ పిల్లల డాక్టరు ఆయన్ని కలవడానికి వెళ్ళింది. అప్పుడు ఆమె బోస్టన్‌లో జెరీ మీడ్ దగ్గర పరిశోధన చేస్తోంది. నెలలు నిండకుండా పుట్టి, ఊపిరందక చనిపోయిన పిల్లల జబ్బుని అప్పట్లో ‘హయలిన్ మెంబ్రేన్ డిసీజ్’ అనేవాళ్ళు, ఊపిరితిత్తుల్లో కనిపించే గాజులాంటి పొరని బట్టి. ఆ పొర ఎక్కణ్ణుంచి వచ్చిందా అని అందరూ వెతుకుతుంటే ఎవరీ వేరే సంగతి గమనించింది. వేరే కారణాలతో పోయిన పిల్లల ఊపిరితిత్తుల్లో నురగ ఉంది. ఈ జబ్బుతో పోయినవాళ్ళలో లేదు. అందరూ లోపల ఏం చేరిందా అని చూస్తే ఆమె ఏం లేదా అని చూసింది. ఈ చరిత్ర మొత్తంలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. క్లెమెంట్స్ దగ్గర కొలిచే పద్ధతి నేర్చుకుని, చనిపోయిన శిశువుల ఊపిరితిత్తుల రసాన్ని పరీక్షించింది. 1959లో ఎవరీ, మీడ్‌ల వ్యాసం వచ్చింది: ఈ పిల్లల్లో సర్ఫాక్టెంట్ లేదు.

ఇక సంగతి తేలిపోయినట్టే అనిపిస్తుంది. నాలుగేళ్ళ తర్వాత, 1963 ఆగస్టు 7న, అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి ఐదున్నర వారాల ముందుగా కొడుకు పుట్టాడు. పేరు ప్యాట్రిక్. బరువు సుమారు రెండు కిలోల నూరు గ్రాములు, పుట్టుక ప్రకారం మరీ చిన్న బిడ్డేం కాదు. అదే జబ్బు. బోస్టన్‌కి తరలించారు, అధిక పీడనంతో ఆక్సిజన్ ఎక్కించే పెద్ద గదిలో పెట్టారు. ముప్పై తొమ్మిది గంటలు బతికాడు. ఏం లోపించిందో తేల్చిన ఊరు అదే బోస్టన్. ఆ లోపించినదాన్ని బిడ్డ లోపలికి ఎలా పంపాలో మాత్రం ఎవరికీ తెలియదు.

ప్రయత్నించలేదని కాదు. సర్ఫాక్టెంట్ బరువులో దాదాపు తొంభై శాతం కొవ్వులే. వాటిలో ముఖ్యమైనది డైపామిటోయిల్ ఫాస్ఫటైడిల్ కోలిన్, పొట్టిగా డీపీపీసీ. లాగుడుని సున్నా దగ్గరికి తెచ్చేది ఇదే అని తెలిసింది కాబట్టి, 1960లలో దీన్ని తుంపరగా చేసి పిల్లల చేత పీల్పించారు. కెనడాలో చూశారు, సింగపూర్‌లో చూశారు. ఆశించినట్టు పనిచేయలేదు. తర్వాత కొన్నేళ్ళపాటు సర్ఫాక్టెంట్ ఇచ్చి బాగుచేయొచ్చన్న ఆలోచనే మూలపడింది. లోపం సర్ఫాక్టెంట్‌ది కాదేమో, ఊపిరితిత్తుల రక్తప్రసరణదేమో అన్న అనుమానాలూ వచ్చాయి.

ఎందుకు పనిచేయలేదో అర్థం చేసుకోవడానికి నాకు నెయ్యి పనికొచ్చింది. చలికాలం పొద్దున్నే గిన్నెలో పేరుకున్న నెయ్యిని వేడి లేని అన్నం మీద వేస్తే ముద్దగా కూర్చుంటుంది, పరుచుకోదు. డీపీపీసీ కరిగేది 41 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర. మన ఒళ్ళు 37. అంటే ఊపిరితిత్తుల్లో అది పేరుకున్న నెయ్యే. పేరుకోవడమే దాని గొప్పతనం కూడా, ఊపిరి వదిలినప్పుడు గట్టిగా నిలబడి సంచిని మూసుకుపోనివ్వనిది ఆ గట్టిదనమే. కానీ మళ్ళీ ఊపిరి తీయగానే, క్షణంలో సగంలో, అది కొత్త ఉపరితలమంతా పరుచుకోవాలి. వట్టి డీపీపీసీకి అది చేతకాదు. దాన్ని పరిచేవాళ్ళు వేరే ఉన్నారు.

వాళ్ళు ప్రోటీన్లు. నురగలో ప్రోటీన్ ఉందని ప్యాటిల్ 1955లోనే అనుమానించాడు. తర్వాత అందరి చూపూ కొవ్వుల మీదికి మళ్ళింది. ప్రోటీన్ అంటే రక్తంలోంచి వచ్చి కలిసిన మురికి అనుకున్నవాళ్ళూ ఉన్నారు. 1970ల మొదట్లో క్లెమెంట్స్ బృందమే ఒక పెద్ద ప్రోటీన్‌ని పట్టుకుంది, ఇప్పుడు దాన్ని ఎస్పీ-ఎ అంటున్నాం. అసలైనవి ఇంకా దొరకలేదు. ఎస్పీ-బి, ఎస్పీ-సి అనే ఈ రెండూ చాలా చిన్నవి, మొత్తంలో రెండు శాతం కూడా ఉండవు. నీళ్ళలో కరగవు, కొవ్వులాగే క్లోరోఫాంలో కరుగుతాయి. అందువల్ల రసాయనవేత్తలు క్లోరోఫాంతో కొవ్వుని వేరుచేసి, ప్రోటీన్ అంతా పోయిందనుకున్న ప్రతిసారీ ఇవి కొవ్వుతోపాటే వచ్చేసేవి. ఎవరికీ తెలియకుండా.

ఈ తెలియకపోవడమే చివరికి పిల్లల్ని బతికించింది. 1972లో స్వీడన్‌లో యోరన్ ఎన్‌హార్నింగ్, బెంగ్ట్ రాబర్ట్‌సన్ నెలలు నిండని కుందేలు పిల్లల గొంతులోకి, తుంపరగా కాకుండా ద్రవంగా, నిజమైన ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ని పంపారు. ఊపిరితిత్తులు విచ్చుకున్నాయి. జపాన్‌లో తెత్సురో ఫుజివారా ఆవు ఊపిరితిత్తుల నుంచి ఇలాంటిదే తయారుచేసి, దానికి కొన్ని కొవ్వులు కలిపి, పది మంది శిశువులకి ఇచ్చాడు. గంటల్లో వాళ్ళ ఆక్సిజన్ అవసరం తగ్గింది. 1980లో ‘లాన్సెట్’లో వచ్చింది. ఆయన మందులో ఆ రెండు చిన్న ప్రోటీన్లూ ఉన్నాయి. అవేంటో, ఏం చేస్తాయో స్పష్టంగా తెలియడానికి ఇంకో ఐదారేళ్ళు పట్టింది. ఎస్పీ-బి కొవ్వుపొరల్ని అతికించి ఉపరితలం మీదికి చేరవేస్తుంది, ఎస్పీ-సి ఆ పని సాఫీగా సాగేలా చూస్తుంది. ఎ, డి అనే మిగతా రెండిటి ప్రధానమైన పని వేరే, లోపలికొచ్చిన సూక్ష్మజీవుల్ని పట్టుకోవడం. ఈ సరుకునంతా వాయుగోణుల గోడల్లోని కొన్ని కణాలు తయారుచేసి, ఉల్లిపాయలా పొరలుపొరలుగా చుట్టి దాచుకుంటాయి.

1993లో ఇంకో ఉదాహరణ బయటపడింది. తొమ్మిది నెలలూ నిండి పుట్టిన శిశువు, అచ్చం అదే జబ్బుతో. జన్యులోపం వల్ల ఎస్పీ-బి ఒక్కటే తయారవలేదు. కొవ్వులున్నాయి, మిగతావి ఉన్నాయి, బిడ్డ దక్కలేదు.

నేను మొదట అమ్మకి చెప్పిన 1990 ఎక్కడిదంటే, అమెరికాలో అనుమతి పొందిన మొదటి సర్ఫాక్టెంట్ మందు, ఎక్సోసర్ఫ్, ఆ ఏడాది వచ్చింది. తయారుచేసింది క్లెమెంట్సే. అందులో ప్రోటీన్ లేదు, డీపీపీసీని పరిచే పనికి ఒక ఆల్కహాల్‌నీ ఒక డిటర్జెంట్‌నీ పెట్టాడు. కొంత పనిచేసింది. కానీ 1991 తర్వాత జంతువుల నుంచి తీసినవి వచ్చి, ఇంకా తొందరగా పనిచేసి, దాన్ని పక్కకి నెట్టేశాయి. మన దేశంలో మేక ఊపిరితిత్తుల నుంచి తీసినదాని మీద కూడా పరీక్షలు జరిగాయి. ఖరీదు తగ్గాలంటే అలాంటి దారులు కావాలి. 2020లో ఒక్క భారతదేశంలోనే ముప్పై లక్షల మంది నెలలు నిండకుండా పుట్టారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వాళ్ళందరి బావలూ ఆ బిల్లు కట్టలేరు.

ఇదంతా చదివి అమ్మకి చెబుదామనుకుంటుండగా ఇంకొకటి తగిలింది. దాన్ని చెప్పాలా వద్దా అని చాలా రోజులు నానబెట్టాను.

న్యూజీలండ్‌లో గ్రాహమ్ లిగిన్స్ అనే ప్రసూతి వైద్యుడు నొప్పులు ఎందుకు మొదలవుతాయో తెలుసుకోవాలని గొర్రెల మీద పనిచేస్తున్నాడు. కడుపులోని గొర్రెపిల్లలకి స్టెరాయిడ్ ఎక్కించి చూసేవాడు. బతకలేనంత ముందుగా పుట్టిన ఒక పిల్ల ఊపిరి పీలుస్తూ కనిపించింది. దాని ఊపిరితిత్తులు ఆ వయసుకి ఉండాల్సినదానికన్నా ముందే సిద్ధమయ్యాయి. రాస్ హౌవీతో కలిసి ఆయన దాన్ని మనుషుల్లో పరీక్షించాడు. నెలలు నిండకముందే కాన్పు వచ్చేలా ఉన్న 282 మంది తల్లుల్లో కొందరికి బీటామెథసోన్ ఇంజక్షన్లు ఇచ్చారు. ఇవ్వని తల్లుల పిల్లల్లో 25.8 శాతానికి ఊపిరి జబ్బు వస్తే, ఇచ్చినవాళ్ళ పిల్లల్లో 9 శాతానికే వచ్చింది. ఇది 1972లో అచ్చయింది. ఆవులక్కర్లేదు, గొట్టాలక్కర్లేదు, బాక్సులక్కర్లేదు. తల్లి తుంటికి ఇంజక్షన్. అయినా పాశ్చాత్య దేశాల్లో కూడా చాలామంది డాక్టర్లు నమ్మలేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఇది ఇవ్వాల్సిందేనని గట్టిగా చెప్పడానికి 1994 వచ్చింది. 2016లో అక్కకి ఆస్పత్రిలో చేరగానే ఇచ్చిన ఇంజక్షన్ ఇలాంటిదే.

1972కీ 1979కీ మధ్య ఏడేళ్ళు.

ఎనిమిదో నెల సంగతీ వెతికాను. ఆ మాట నానమ్మది మాత్రమే కాదు. హిప్పోక్రటిస్ పేరుమీద ఉన్న గ్రీకు గ్రంథాల్లో ఎనిమిదో నెల బిడ్డ మీద ఏకంగా ఒక పుస్తకం ఉంది, అందులోనూ ఏడో నెల బిడ్డ బతకొచ్చు, ఎనిమిదో నెల బిడ్డ బతకదు. మధ్యయుగాల యూరప్‌లో ఆ నెలకి అధిపతి శని అన్నారు. మన చరకుడు, సుశ్రుతుడు ఎనిమిదో నెల్లో ఓజస్సు తల్లికీ బిడ్డకీ మధ్య నిలకడ లేకుండా తిరుగుతుంది కాబట్టి అప్పుడు పుడితే ప్రమాదమన్నారు. ఇంతమంది పెద్దవాళ్ళు ఒకే మాట అన్నారంటే దాని వెనక ఏదో ఉండే ఉంటుందని నేనూ ఒక పూట నమ్మబోయాను. ఏమీ లేదు. కణాల్లో సర్ఫాక్టెంట్ సుమారు ఇరవైనాలుగో వారం నుంచి మొదలై, ముప్పై అయిదు దగ్గరికి సరిపడా వస్తుంది. వారం గడిచేకొద్దీ పెరుగుతుందే తప్ప మధ్యలో తగ్గదు. ఎనిమిదో నెల బిడ్డకి ఏడో నెల బిడ్డకన్నా ఎప్పుడూ మెరుగే.

ఇది అమ్మకి చెప్పాను. పాపకి తలంటు కోసం కుంకుడుకాయలు కొడుతోంది. పాపకి ఇప్పుడు ఎనిమిదేళ్ళు, కళ్ళలో పడుతుందని అప్పటికే గోల మొదలుపెట్టింది. అమ్మ రాయి పక్కన పెట్టింది.

“అయితే వాడు ఏడో నెల్లో పుట్టినా అంతేనా?”

“ఇంకా కష్టమయ్యేదమ్మా.”

“ఆ ఇంజక్షన్ అప్పటికి ఉందా?”

“మందు పాతదే. దీనికి వాడొచ్చని తెలిసి ఏడేళ్ళయింది. ఎక్కడో తెలిసింది.”

కాసేపు గింజలు ఏరింది. తర్వాత, నేను అడక్కుండానే, లెక్క చెప్పడం మొదలుపెట్టింది. ఆ ఏడాది సంక్రాంతి నాడు బయట ఉన్నానని, కొత్తచీర కట్టుకోలేదని, ఆ తర్వాత మళ్ళీ రాలేదని. వినాయక చవితి అయిన వారానికి వాడు పుట్టాడని. 1979 క్యాలెండర్ ఫోన్‌లో తీశాను. జనవరి 14 నుంచి సెప్టెంబరు 2 దాకా ఇద్దరం కలిసి లెక్కపెట్టాం.

“ముప్పై మూడు వారాలు” అన్నాను.

“ముప్పై మూడు” అంది అమ్మ. “నెలలు కాదు కదా, వారాలు.”

“వారాలే అమ్మా.”